మూత్రావరోధము: పెరుగుచున్న మూత్రపిండము, పెరిగిన మూత్రపిండము
(బేతమంగళలోని తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగము)



క్రిందటి సమావేశము ముగిసి అందరును కాఫీ త్రాగుచుండగా ఒక పెద్దావిడ మమ్ము ప్రక్కకు పిలిచి ఒక మాట యడిగిరి. వారింట మూడు నెలల మనుమడు కలడు. బిడ్డడు మూత్రము విడుచునపుడు ధార రాదు. బొట్లు బొట్లుగా కారును. అంతకుముందు ముఖ మెఱ్ఱబడునట్లు ముక్కును. అదే యింట తాతగారు, అనగా ఆవిడ భర్త, గనిలో పనిచేసి మానుకొన్నవారు. వారికిని ధార సన్నగిల్లినది, రాత్రి నాలుగైదు మారులు లేవవలసి వచ్చుచున్నది. తాతగారిని చూచిన వైద్యులు పరీక్షలు చేయించి, “కొన్నాళ్ళు మాత్రలు వాడి చూతము, తొందర లేదు” అనిరట. బిడ్డను చూచిన వైద్యులు మాత్రము “నేడే పెద్దాసుపత్రికి తీసికొనిపొండు” అనిరట. “ఏమండీ, అరువది దాటినవారికి లేని తొందర మూడు నెలల వానికేల? పసివాడు గదా, పెరిగిన కొలది అదియే సరిపోదా?” అని ఆవిడ ప్రశ్న.

నిలుచున్నచోటనే “ఆలస్యము చేయకుడు” అని మాత్రము చెప్పి పంపితిమి. కాని ఆ ప్రశ్న చిన్నది కాదు. ఇద్దరికిని అడ్డమే, ఇద్దరికిని మూత్రము వెనుకకు తన్నుటయే. అట్లయ్యును పసివాని మూత్రపిండమునందు ఆ అడ్డము చేయు పని వేరు, పెద్దవాని మూత్రపిండమునందు చేయు పని వేరు. ఈ భేదమును గురించి గత డెబ్బది సంవత్సరములలో శాస్త్రజ్ఞులు తెలిసికొన్న దానిని నేడు మనవి చేయదలచితిమి.

మన యూరి చెరువుకట్టపై నిలిచి చూచినవారికి ఈ విషయము సగము తెలిసినట్లే. పాలారుకు అడ్డముగా కట్టిన ఈ చెరువు, శాసనములయందు ఈ యూరికి విజయాదిత్యమంగలమను పేరున్న కాలమునుండియు ఉన్నది. ఇరువదవ శతాబ్ది యారంభమున ఇక్కడ నీటియంత్రములు నెలకొల్పి బంగారు గనుల పట్టణమునకు గొట్టములద్వారా నీరు పంపిరి. గొట్టమునందు ఎచ్చటనో మట్టి పేరుకొనిన, చివరి వీధి కొళాయి ఎండును; ఆ వార్త మనకు వెంటనే తెలియును. కాని అడ్డమునకు వెనుకనున్న గొట్టములో పీడనము హెచ్చి అతుకులు వదలుచున్న సంగతి ఎవ్వరికిని తెలియదు, ఒకనాడు అది పగిలినదాక. మూత్రావరోధమున జరుగునదియు నిదియే. ముందు కానవచ్చునది సన్నని ధార. వెనుక జరుగునది మూత్రపిండపు నాశనము.

మూత్రపిండములు రెండు. ఒక్కొక్కదానియందు సగటున పది లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములు గలవు. వీనిని నెఫ్రానులందురు. ఒక్కొక్క నెఫ్రానునకు తలవైపున రక్తమును వడగట్టు సన్నని నెత్తురునాళముల గుత్తియు, దానికి తగిలించిన పొడవైన వంకర నాళికయు నుండును. రెండు మూత్రపిండములును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు ఒకటిన్నర లీటరు తప్ప తక్కినదంతయు ఆ నాళికలద్వారా రక్తమునకు మరల నిచ్చివేయును. మిగిలినది మూత్రద్రోణిలో చేరి, జానెడుకు మించిన పొడవుగల మూత్రనాళము వెంట మూత్రాశయమునకు దిగును. ఈ దారిలో ఎచ్చట నైనను అడ్డము రావచ్చును. ద్రోణియు నాళమును కలియుచోట పుట్టుకతోనే ఇరుకుండవచ్చును. నాళమున రాయి తగులుకొనవచ్చును. మగవారికి ముదిమిలో ప్రొస్టేటు గ్రంథి ఉబ్బి మూత్రమార్గమును నొక్కవచ్చును. మగశిశువులలో కొందరికి మూత్రమార్గపు పైభాగమున పలుచని పొర తలుపువలె అడ్డుపడి యుండును. దీనిని 1919లో అమెరికా వైద్యుడు హ్యూ హాంప్టన్ యంగు వివరించెను. ఆ పెద్దావిడ మనుమనికి అనుమానించిన దిదియే.

ఇక ఈ నెఫ్రానులు ఎప్పుడు పుట్టునో తెలిసికొనవలెను. అసలు విషయమంతయు ఇందే యున్నది. గర్భమునందు ఐదవ వారమున శిశువు శరీరములో ఒక నాళపు ప్రక్కనుండి చిన్న మొగ్గ మొలచును. ఆ మొగ్గ ప్రక్కనున్న మెత్తని కణముల ముద్దలోనికి చొచ్చుకొనిపోయి, చెట్టుకొమ్మవలె ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలుచు పోవును. ప్రతి కొమ్మ చివరను ముద్దలోని కణములు గుమిగూడి నెఫ్రానులుగా మారును. 1950ల దశకమున క్లిఫర్డు గ్రోబ్‌స్టైను అను శాస్త్రజ్ఞుడు చిట్టెలుకల గర్భస్థ శిశువుల మూత్రపిండమునుండి మొగ్గను, ముద్దను వేరుచేసి గాజుపాత్రలలో పెంచిచూచెను. వేరుచేసినపుడు మొగ్గ చీలలేదు, ముద్ద నెఫ్రానులు కాలేదు. దగ్గర నుంచినపుడు రెండును తమ పనిని తాము చేసినవి. ఒకదానికొకటి ఏదో సంకేతము పంపుచున్నవని అప్పుడు తేలినది.

ఆ సంకేతము లేవియో తరువాత నలువది యేండ్లకు బయలుపడినవి. ముద్ద పంపు ముఖ్యసంకేతమునకు జి.డి.ఎన్.ఎఫ్. అని పేరు, మొగ్గమీద దానిని అందుకొను కణద్వారమునకు రెట్ అని పేరు. 1996లో ఈ జి.డి.ఎన్.ఎఫ్. లేకుండ పుట్టించిన చిట్టెలుకలకు మూత్రపిండములే ఏర్పడలేదు. ఒక కణము “పెరుగుము” అనును, రెండవది పెరుగును. ఒకటి “ఆగుము” అనును, రెండవది ఆగును. కొన్నిటికి “చాలు, నీవు రాలిపొమ్ము” అనియు చెప్పబడును, అవి నిశ్శబ్దముగ రాలిపోవును. వీనినే మేము పెరుగుదల సంకేతము లనుచున్నాము. గర్భములోని పదవ వారమునాటికే మూత్రము తయారగుట మొదలగును. అనగా ఒకవైపు కట్టుబడి సాగుచునే యున్నది, మరియొకవైపు కట్టిన భాగమున నీరు పారుచునే యున్నది. ముప్పదియారవ వారము దాటుసరికి కొత్త నెఫ్రానులు పుట్టుట ముగిసిపోవును. ఆపైన జీవితకాలమంతయు మనుష్యునకు కొత్తది ఒక్కటియు పుట్టదు. తెచ్చుకొన్న మూలధనమును ఖర్చుపెట్టుకొనుటయే.

కట్టుబడి సాగుచున్న దినములలో అడ్డము వచ్చిన ఏమగును? 1971లో బెక్ అను శస్త్రవైద్యుడు గొర్రెల గర్భములోని పిల్లలకు మూత్రనాళమును కట్టివేసి చూచెను. గొర్రె సుమారు 150 దినములు మోయును. డెబ్బదవ దినములోపల కట్టినవానికి మూత్రపిండము మూత్రపిండముగా ఏర్పడనే లేదు. అందు నెఫ్రానులకు బదులుగా వికారమైన నాళికలును, వాని చుట్టు అనవసరమైన కండయును కనబడెను. ఎనుబదవ దినము దాటిన పిమ్మట కట్టినవానికి మూత్రపిండము ఉబ్బినది గాని, దాని నిర్మాణము చెడలేదు. అడ్డ మొక్కటే, పదిదినముల తేడాలో ఫలితము మారిపోయినది. మనుష్యశిశువులలో ఇట్లు చెడిన మూత్రపిండములను సూక్ష్మదర్శినిక్రింద చూచినపుడు కొన్నిటిలో మృదులాస్థి తునకలు, అనగా చెవిడొప్పలో నుండు మెత్తని యెముక, కానవచ్చును. మూత్రపిండమున దాని కేమి పని? కణములకు సంకేతములు తప్పిపోయినవి. ఏమి కావలెనో తెలియక మరేమో అయినవి. పీడనముచే సాగిన కొమ్మ చివరలనుండి వెడలవలసిన సంకేతములు వెడలవు. నెఫ్రానులుగా మారి ఆగవలసిన కణములలో పాక్స్-2 అను అభివృద్ధి సంకేతము ఆగక మ్రోగుచునే యుండును. బ్రతుకవలసిన కణములు రాలిపోవును.

తలుపుపొర యున్న బిడ్డలకు మరియొక చిక్కు గలదు. గర్భము ఇరువది వారములు నిండినపిమ్మట ఉమ్మనీటిలో ఎక్కువపాలు బిడ్డ మూత్రమే. మూత్రము బయటికి రాకున్న ఉమ్మనీరు తగ్గును. ఉమ్మనీరు తగ్గిన ఊపిరితిత్తులు పెరుగవు. అందుచేత కొన్ని దేశములలో గర్భములోనే బిడ్డ మూత్రాశయమునకు చిన్న గొట్టమును అమర్చి మూత్రమును ఉమ్మనీటిలోనికి మళ్ళించు చికిత్సను ప్రయత్నించిరి. దాని ఫలితములు 2013లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. 150 మంది తల్లులను చేర్చుకొనదలచిరి గాని 31 మందియే చేరిరి. గొట్టమమర్చిన బిడ్డలలో బ్రదికినవారు కొంత ఎక్కువగ నున్నట్లు తోచినది; కాని రెండేండ్లకు ఆరోగ్యవంతమైన మూత్రపిండములతో నిలిచినవారు ఇద్దరే. అడ్డము తీసిరి; అప్పటికే కట్టుబడి చెడిపోయినది. గొట్టము మూత్రమును మళ్ళించగలదు గాని పోయిన వారములను తిరిగి తేలేదు.

మూడు నెలల బిడ్డకు నెఫ్రానులు పుట్టుట ముగిసినదే గదా, ఇక తొందర యేల అని మీ రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పుట్టిన నెఫ్రానులు ఇంకను పొట్టివి. వాని నాళికలు సాగవలెను, మడతలు పడవలెను, ఉప్పును నీటిని పట్టుకొను నేర్పు రావలెను. బిడ్డ మూత్రపిండపు వడపోత శక్తి, దేహపరిమాణమునుబట్టి లెక్కించినచో, పెద్దవారితో సమానమగుటకు సుమారు రెండేండ్లు పట్టును. ఆ పెరుగుదలయంతయు సంకేతములమీదనే నడచును.

ఈ దశను శోధించుటకు శాస్త్రజ్ఞులకు ఎలుకపిల్ల చక్కగ నుపకరించినది. ఏలయన మనుష్యశిశువువలె గాక, ఎలుకపిల్ల పుట్టిన తరువాత వారము పది దినములవరకు దాని నెఫ్రానులు పుట్టుచునే యుండును. వర్జీనియా విశ్వవిద్యాలయమున శిశువైద్యుడు రాబర్టు షెవలియే, వారి సహచరులు చాల సంవత్సరములు ఈ పని చేసిరి. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మూత్రనాళమును కట్టి, ఐదు దినములకు విప్పి చూచిరి. విప్పినను నెఫ్రానుల సంఖ్య తగ్గిపోయి యుండెను. అంతకన్న గమనింపదగిన దొకటి గలదు. విప్పిన కొన్ని దినములకు మూత్రపిండము బాగుగనే పనిచేయుచున్నట్లు కనబడినను, ఎలుకలు ఏడాది వయస్సునకు వచ్చుసరికి అది క్షీణించెను. బాల్యమున తిన్న దెబ్బ నడివయస్సున లెక్కకు వచ్చినదన్నమాట.

ఇక్కడ మరియొక సంకేతమును పరిచయము చేయవలెను. స్టాన్లీ కోహెన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు చిట్టెలుక లాలాజలగ్రంథుల సారమును పసి చిట్టెలుకలకు సూదితో నిచ్చినపుడు అవి ఇతర పిల్లలకన్న ముందుగా కన్నులు తెరచినవి. ఎవ్వరైనను వింతయని చూచి మరచిపోవుదురు; ఆయన మరువలేదు. ఆ సారమునుండి 1962లో ఒక మాంసకృత్తును వేరుచేసెను. ఇప్పుడు దానిని ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టరు, పొట్టిగ ఇ.జి.ఎఫ్., అందురు. 1986లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఈ ఇ.జి.ఎఫ్. మన మూత్రములోను ఉన్నది. దానిని చేయునది మూత్రపిండమే. నెఫ్రాను నాళికలో చివరి భాగమందలి కణములు దీనిని తయారుచేసి, నాళిక గోడలు అరిగినచోట మరల కట్టుకొనుటకు సంకేతముగా వాడుకొనును. గర్భస్థ శిశువునందు ఇది స్వల్పము. పుట్టిన తరువాతనే హెచ్చును.

మూత్రనాళమునకు అడ్డము పడినవెంటనే ఈ ఇ.జి.ఎఫ్. పడిపోవును. పిల్లలందును పెద్దలందును ఇది సమానమే. పసి ఎలుకలకు అడ్డము పెట్టి, బయటినుండి ఇ.జి.ఎఫ్. నిచ్చినపుడు నాళికల కణములు రాలిపోవుట తగ్గినదని 1990ల దశకమున షెవలియే వర్గమువారు చూపిరి. మందు దొరికెనని సంతసించిరి. అటుపిమ్మట అదే మందును పసి చిట్టెలుకల కిచ్చి చూచిరి. ఎలుకకును చిట్టెలుకకును గల భేద మెంత? మన కంటికి పరిమాణభేదమే. కాని చిట్టెలుకలలో ఇ.జి.ఎఫ్. కణములను కాపాడుటకు మారుగా ఇంకను చంపినది! ఒకే మాట ఒక యింట దీవెన, పొరుగింట శాపము. ఈ ఫలితమును దాచక అచ్చువేసిన వారిని మేము మెచ్చుకొందుము. పత్రికలలో “మూత్రపిండములకు నూతనౌషధము, ఎలుకలలో విజయము” అని చదివినపుడెల్ల మాకీ చిట్టెలుకలే జ్ఞప్తికి వచ్చును.

ఇప్పుడు తాతగారి సంగతికి వత్తము. పెద్దవాని మూత్రపిండమున కట్టుబడి ముగిసినది. అక్కడ అడ్డము చెడగొట్టునది నమూనాను గాదు, నడుచుచున్న యంత్రమును. పీడనముచే నాళికలు ఉబ్బును. వానిని బాగుచేయు ఇ.జి.ఎఫ్. తగ్గును. దానికి బదులుగా ట్రాన్స్‌ఫార్మింగ్ గ్రోత్ ఫ్యాక్టర్ బీటా అను వేరొక సంకేతము హెచ్చును. పేరులో పెరుగుదల యున్నను ఇది పెంచునది పీచును. గాయము మానునప్పుడు మచ్చ కట్టించునది యిదియే. చర్మముమీద మచ్చ మేలే; మూత్రపిండమున మచ్చయనగా ఒక నెఫ్రాను చచ్చినచోటు. నాళికల నడుమ పీచు అల్లుకొనును, సన్నని నెత్తురునాళములు నశించును, కొన్ని నెఫ్రానులలో వడపోత గుత్తి నాళికతో తెగిపోయి, వడగట్టినది పోవుటకు దారిలేక వృథాగ మిగులును.

అయినను పెద్దవారికి కొంత వ్యవధి కలదు. కుక్కలపై చేసిన ప్రయోగములలో ఒక మూత్రనాళమును పూర్తిగ మూసి వారము లోపల తెరచిన మూత్రపిండము చాలవరకు కోలుకొనినది. ఆరు వారములు మూసియుంచిన ఏమియు మిగులలేదు. తాతగారికి ప్రొస్టేటు చేయునది పూర్తి మూత గాదు, మెల్లని యిరుకు. పరీక్షలలో మూత్రపిండములు ఉబ్బలేదనియు, మూత్రాశయమున మూత్రము ఎక్కువగ నిలిచిపోవుటలేదనియు తేలినందువలననే వైద్యులు మాత్రలు వాడి చూచుటకు సాహసించిరి. ఆ పరీక్షలు లేని “తొందర లేదు” అను మాటకు విలువ లేదు. నొప్పి లేదుగదా అని ఊరకుండువారు ఒకటి తెలిసికొనవలెను. మెల్లగ ఉబ్బిన మూత్రాశయమునకు నొప్పి యుండదు. పెద్దవయస్సున నిద్రలో తెలియక పక్క తడియుట ఆరంభమైన, అది ముసలితనపు చేష్టయని నవ్వుకొనక, మూత్రాశయము నిండి పొరలుచున్నదేమోయని చూపించవలెను.

సంకేతములు వయస్సునుబట్టి పనిని మార్చుననుటకు ఇంకొక్క నిదర్శనము చెప్పెదము. ఇది నేరుగ మన యిండ్లకు సంబంధించినది. అడ్డము పడిన మూత్రపిండమున ఆంజియోటెన్సిన్ అను పదార్థము హెచ్చి, పైన జెప్పిన పీచు సంకేతమును రెచ్చగొట్టును. దానిని అణచు మాత్రలు రక్తపు పోటునకు అందరును వాడునవే. ఎనాలాప్రిల్, లోసార్టాన్ మొదలగునవి. పెద్ద ఎలుకలలో ఇవి అడ్డమువలన గలుగు పీచును తగ్గించినవి. కాని కట్టుబడి సాగుచున్న మూత్రపిండమునకు ఆంజియోటెన్సినే ఒక మేస్త్రి. అది లేక నాళికలు ఏర్పడవు. పసి ఎలుకల కవే మాత్రలిచ్చిన మూత్రపిండము చెడినది. మనుష్యులలోను గర్భిణీస్త్రీ ఈ మాత్రలు వాడిన శిశువు మూత్రపిండములు దెబ్బతిని, ఉమ్మనీరు తగ్గి, ప్రాణాపాయమే కలుగవచ్చును. కావున పోటు మాత్రలు వాడుచున్న ఆడుపడుచులు గర్భము నిలిచినదని తెలిసినవెంటనే, సాధ్యమైన అంతకుముందే, వైద్యునితో చెప్పి మందు మార్పించుకొనవలెను. మాత్రను తమంతట తాము మానివేయుటయు ప్రమాదమే.

ఒక ప్రక్క మూత్రపిండమునకు అడ్డము పడినపుడు రెండవది ఊరకుండదు. అదియు సంకేత మందుకొని పెరుగును. పిల్లలలో ఈ పెరుగుదల మఱియు చురుకు. గర్భములోనే ఒకటి చెడిన, రెండవది పుట్టునాటికే పెద్దదై యుండును. ఇది ప్రకృతి చేసిన మేలు, కాని ఇందొక మోసమును గలదు. రెండవది పనినంతయు నెత్తికెత్తుకొనుటచేత రక్తములో క్రియాటినిన్ చక్కగనే యుండును. “రక్తపరీక్ష బాగున్నది” అని నిశ్చింతగ నున్నవారికి ఒక మూత్రపిండము నిశ్శబ్దముగ నశించియుండుట వైద్యులు తరచుగ చూచునదే. అడ్డమును కనుగొనవలెనన్న రక్తపరీక్ష చాలదు, కడుపు స్కాను తీయవలెను.

ఈ నిశ్శబ్దనాశనము మన ప్రాంతమున ఎక్కువగ రాళ్ళవలన జరుగును. కోలారు జిల్లాలో ఏడాది పొడవున పారు నది లేదు. వేసవి యెండలు, పొలముపని, చాలీచాలని త్రాగునీరు మన కెఱుకయే. మన పెద్దలలో పలువురు 2001లో గనులు మూతపడువరకు భూమిలోపల పనిచేసినవారు. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు; అడుగున రాతివేడి 60 డిగ్రీలు మించెడిది. అంత చెమటకార్చి తగినంత నీరు త్రాగనివాని మూత్రము చిక్కబడి రాయి కట్టుట సహజము. సుశ్రుతసంహితలోనే అశ్మరియనియు మూత్రాఘాతమనియు రాతికిని అడ్డమునకును వేర్వేరు అధ్యాయములున్నవి; ఈ బాధ క్రొత్తది కాదు. మన యిండ్లలో రాయి యనగానే ఉలవకట్టు కాచి త్రాగించుదురు. త్రాగుడు, మాకు దానితో పేచీ లేదు. దానితోబాటు కడుపులోనికి పోవు నీరు మంచిదే. మా పేచీ యెచ్చటనన, రెండు దినములు విలవిలలాడించిన నొప్పి మూడవనాడు తగ్గగానే “రాయి కరగిపోయినది” అని నిర్ణయించుకొనుటతో. రాయి జారిపోయి తగ్గియుండవచ్చును. లేక రాయి అక్కడనే కదలక నిలిచి, వెనుకనున్న మూత్రపిండము మూత్రము చేయుట తగ్గించుటవలన పీడనము దిగి, నొప్పి తగ్గియుండవచ్చును. రెండింటికిని లోపల భేదమెంతో గాని, రోగికి తోచునది ఒక్కటే. రాయి పడినదని కంటితో చూడనిదే, లేక స్కానులో తేలనిదే నమ్మరాదు. ఇక అడ్డముతోబాటు చలిజ్వరము వచ్చినచో ఆ రాత్రి తెల్లవారువరకు వేచియుండరాదు. నిలిచిన మూత్రములో క్రిములు చేరిన గంటలలో ప్రాణముమీదికి వచ్చును.

స్కాను చీటీలను గురించి ఒకమాట. అవి ఇంగ్లీషున నుండును. చదివి చెప్పువారు కన్నడమునో అరవమునో చెప్పుదురు. మన యిండ్లలోని వృద్ధులకు రెండును సరిగ అందక, భయపడుటయో నిర్లక్ష్యము చేయుటయో జరుగుచున్నది. “హైడ్రోనెఫ్రోసిస్” అని యున్న, మూత్రద్రోణి ఉబ్బినదని యర్థము. అది రోగము పేరు గాదు, ఆనవాలు మాత్రమే. గర్భిణులకు పదునెనిమిది ఇరువది వారముల నడుమ తీయు స్కానులో బిడ్డకు ఈ మాట వ్రాసిన, గుండె జారవిడువరాదు. కొంచెముగ ఉబ్బిన వానిలో చాలభాగము పుట్టుకకు ముందో, పుట్టిన ఏడాది రెండేడులలోనో తమంతట సరిపోవును. కాని మగశిశువునకు రెండు ప్రక్కల ఉబ్బి, మూత్రాశయమును నిండుగ కనబడి, ఉమ్మనీరు తగ్గినదని వ్రాసియున్న అది వేరు సంగతి. అట్టి కాన్పు పిల్లల శస్త్రవైద్యులున్న పెద్దాసుపత్రిలోనే జరుగవలెను. మనకు బెంగుళూరు ఒకవైపు, వేలూరు మరియొకవైపు కలవు. మన పాలారు నడచిన దారినే పోయిన వేలూరు తగులును. అక్కడి క్రిస్టియన్ వైద్యకళాశాలలో 1971లోనే మూత్రపిండపు మార్పిడి విజయవంతముగ జరిగినది. మన ప్రాంతపు కుటుంబములకు తరతరములుగ ఆ దారి పరిచితమే.

ఉత్తరదేశపు ఉద్దానము మూత్రపిండరోగమును గురించి కొందరు మమ్మడిగిరి. శ్రీకాకుళము జిల్లాలోని ఆ వ్యాధి యీ యడ్డమువలన గలుగునది గాదు. దానిని దీనితో కలుపరాదు; అది వేరొక సభకు తగిన విషయము.

పసిబిడ్డల తల్లులు చూడవలసినది కొంచెమే. మగబిడ్డ మూత్రము విడుచునపుడు ధార విల్లువలె వంగి దూరముగ పడవలెను. పుట్టిన ఒక దినములోపల మూత్రము రావలెను. పొత్తికడుపు గట్టిగ ఉండలాగున తగులరాదు. కారణము తెలియని జ్వరము మరల మరల వచ్చిన మూత్రపరీక్ష చేయించవలెను. గుడ్డచుట్టలు వచ్చినపిమ్మట బిడ్డల మూత్రధారను తల్లులు చూచుటయే తగ్గినది. పూర్వము ఒడిలో తడిసినవారికి ఈ ఉపన్యాసముతో పని లేకుండెను.

మొదట చెప్పిన బిడ్డకు అడ్డుపొరయే యున్నదని తేలినది. సన్నని దుర్బీనును మూత్రమార్గమున చొప్పించి పొరను కాల్చివేసిరి; బయట కోత లేదు. ఇప్పుడు ధార వచ్చుచున్నది. అయినను ఏడాదికొకమారు స్కాను, రక్తపు పోటు, మూత్రములో మాంసకృత్తు చూపించుకొనుచుండుమని వ్రాసి యిచ్చిరి. వాడు పదునాలుగు, పదునైదేండ్లవాడై దేహము ఒక్కసారిగ పెరుగునపుడు, ఉన్న నెఫ్రానులు ఆ పెద్ద దేహమునకు చాలునో చాలవో అప్పుడు తేలును. ఆవిడ ఆ చీటీని తెచ్చి మాకు చూపి, “అన్ని యేండ్లు ఎవరు గుర్తుంచుకొందురండీ?” అనిరి. టీకాల పుస్తకములో అట్టకు లోపలివైపున అతికించుమని చెప్పితిమి. తాతగారిని ఆరు నెలలకు మరల రమ్మనిరట. వారి చీటీ యెచ్చట నున్నదో ఇంకను వెదకుచున్నారు.